శనగే మంచిదని తెలిసి పొగాకు నాటితే, అది స్వేచ్ఛేనా?

టంగుటూరు కుర్రోడు:
మాది టంగుటూరు పక్క పల్లె. రెండు బ్యారన్లున్నాయి (పొగాకును కట్టెల వేడితో ఆరబెట్టే కొట్లు). ఈ ఏడు పొగాకు తగ్గించి శనగ వేయడమే మంచిదని నేనూ నాన్నా లెక్క రాసుకుని మరీ ఒప్పుకున్నాం. కట్టెలు, కూలీలు, వేలంలో ధర ఎప్పుడు పడిపోతుందోనన్న టెన్షన్, అన్నీ రాశాం. వారం తిరక్కుండానే నాన్న పొగాకు నారుకి అడ్వాన్స్ ఇచ్చొచ్చారు. అడిగితే, "బ్యారన్ ఖాళీగా పెట్టుకుని ఏం చూస్తాం రా" అన్నారు.

నాన్న మీద ఫిర్యాదు కాదిది (ఆయనతో ఎవరూ గెలవలేరు). ఒకటి మంచిదని తోచాక మనసు దాని వెంట పోవాల్సిందేనా? పోవాల్సిందే అయితే స్వేచ్ఛ ఎక్కడ? పోనక్కర్లేదంటే, మంచేదో తెలుసుకుని ఏం లాభం?

ఒంగోలు లెక్చరర్:
13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ తత్వవేత్త దీన్నే తేల్చబోయాడు. ఏ వైపు నుంచి చూసినా మంచిగానే కనిపించేది పరిపూర్ణమైన ఆనందం ఒక్కటే, దాన్ని తలచుకున్నప్పుడు సంకల్పం, అంటే మనలో కోరుకునే శక్తి, వద్దనజాలదు. మిగతా ప్రతి మంచిలోనూ ఏదో లోటుంటుంది. లోటు వైపు చూస్తే వద్దనొచ్చు. శనగలో లోటు ఖాళీ బ్యారన్. మీ నాన్నగారు అటు చూశారు.

టంగుటూరు కుర్రోడు:
అటు చూసేలా తిప్పిందెవరు సార్? ఆయనే తిప్పుకున్నారా, నలభై ఏళ్ల అలవాటు తిప్పిందా? ఆయనే అంటే, అలా తిప్పుకోవడం కూడా మంచిదని ముందే తోచి ఉండాలి కదా. దాని వెనక ఇంకోటి. ఇది తెగదు.

ఒంగోలు లెక్చరర్:
అసలు ముడి అదే. అక్వినాస్ కూడా ఇది చూశాడు, మొదటి కదలిక దేవుడి నుంచి వస్తుందన్నాడు. తర్వాత వచ్చిన డన్స్ స్కోటస్ అనే మరో క్రైస్తవ తత్వవేత్త వేరే దారి పట్టాడు: సంకల్పం తనంతట తానే కదులుతుంది, ఆనందం ఎదురుగా ఉన్నా కోరకుండా ఊరుకోగలదు. నాకు స్కోటసే నచ్చుతాడు. కానీ ఊరుకోవడానికి కారణమేంటని అడిగితే నా దగ్గరా జవాబు లేదు.

కావలి అక్క:
గీత మూడో అధ్యాయం 36వ శ్లోకం చూడు తమ్ముడూ. ఇష్టం లేకపోయినా మనిషి పాపం ఎందుకు చేస్తాడని అర్జునుడి ప్రశ్న. పొగాకు పాపమని అనడం లేదులే. అక్కడ "బలాదివ" అన్నాడు. బలవంతంగా తోసినట్టు. తోశారని కాదు, తోసినట్టు. నా ఆలోచన ఆ "ఇవ" దగ్గరే ఆగిపోతుంది.

టంగుటూరు కుర్రోడు:
అక్కా, ఆ మాట బాగా పట్టుకుంది. రేపు పొద్దున్నే నాటుకి రమ్మన్నారు. శనగే మంచిదని ఇప్పటికీ నా లెక్క. అయినా వెళ్తాను. నన్నెవరూ తోయడం లేదు, తోసినట్టూ లేదు. నాన్న ఒక్కరే నడుం వంచి నాటుతుంటే గట్టు మీద నిలబడలేను, అంతే. ఇదీ ఇంకో మంచి కనపడటమేనా సార్?