మైకు పట్టినోళ్లు మేయర్ అయితే ఊరు నడుస్తుందా? (బరంపురం వాళ్లు చెప్పండి)

గేట్‌బజార్ బాబు:
మా మావయ్య చాలా ఏళ్లుగా రేడియోలో క్యాజువల్ అనౌన్సర్. ఒడియా, తెలుగు రెండూ గలగలా మాట్లాడతారు. ఠాకురాణి జాతరలో స్టేజీ మీద మైకు ఆయనదే, ఊళ్లో సగం పెళ్లి రిసెప్షన్లలోనూ ఆయనే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి కరెంటు లేక బ్యాటరీ రేడియో పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఇప్పటికీ రోడ్డు మీద ఆపి నమస్కారం పెడతారు. ఇప్పుడు ఫ్రెండ్సంతా చేరి వచ్చే కార్పొరేషన్ ఎన్నికల్లో మేయర్‌కి ఇండిపెండెంట్‌గా నిలబడమని ఎక్కించేస్తున్నారు. అత్తయ్యకి ఒకటే టెన్షన్, ఇల్లు తాకట్టు పెడతారేమోనని. ఇలా ప్రసారాల నుంచి వచ్చి మేయర్ అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్ల సంగతి ఏమైంది?

ఇచ్ఛాపురం ప్యాసింజర్:
ఎక్కడిదాకానో ఎందుకు, భువనేశ్వర్‌లో సులోచనా దాస్ ఉన్నారుగా. జర్నలిస్టుగా మొదలై, దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌గా చేసి, 2022లో బీజేడీ తరఫున గెలిచి భువనేశ్వర్‌కి తొలి మహిళా మేయర్ అయ్యారు. కానీ చూడు, వెనక పార్టీ ఉంది, మధ్యలో ఆఫీసు అనుభవమూ ఉంది. ఒట్టి మైకుతో వచ్చిన మనిషి కాదు. అమెరికాలో జెర్రీ స్ప్రింగర్ది తిరగేసిన కేసు, 1977లో సిన్సినాటి మేయర్ అయ్యాకే టీవీకెళ్లి, గొడవల షోతో పేరు తెచ్చుకున్నాడు. మావయ్యకి ఆ దారి మాత్రం చూపించకు 😄

పర్లాకిమిడి టు పరదేశం:
నువ్వు అడిగినదానికి సరిగ్గా సరిపోయే మనిషి న్యూజిలాండ్‌లో బాబ్ పార్కర్. భూకంపాలప్పుడు నేను క్రైస్ట్‌చర్చ్‌లోనే చదువుతున్నా కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఏమనుకోకు.

ఆయన టీవీలో ‘దిస్ ఈజ్ యువర్ లైఫ్’ నడిపినవాడు, దేశమంతా ముఖం గుర్తుపట్టేది. అయినా తిన్నగా పెద్ద కుర్చీకి ఎగబడలేదు. 2001లో పక్కనున్న బ్యాంక్స్ పెనిన్సులా అనే చిన్న జిల్లాకి మేయర్ అయ్యాడు. 2006లో ఆ జిల్లాని క్రైస్ట్‌చర్చ్‌లో కలిపేశారు, మరుసటి ఏడు ఈయన నగరానికే మేయర్. 2010లో మళ్లీ పోటీ చేసేసరికి ఎదురుగా మాజీ ఉప ప్రధాని జిమ్ ఆండర్టన్. సర్వేలన్నీ ఆండర్టన్‌దే అన్నాయి. సెప్టెంబరు 4 తెల్లవారుజామున 7.1 తీవ్రతతో భూమి కంపించింది. అప్పట్నుంచి టీవీ పెడితే చాలు పార్కరే, నారింజ రంగు కోటు వేసుకుని, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో, ఏ వీధిలోకి వెళ్లకూడదో తాపీగా, తడబడకుండా చెప్పేవాడు. అక్టోబరులో ఓట్లు లెక్కపెడితే ఆయనే గెలిచాడు.

2011 ఫిబ్రవరి 22న వచ్చినది ఇంకా ఘోరం, 185 మంది పోయారు. ఆ రోజుల్లో ఆ గొంతు వింటే మాకు నిజంగానే ధైర్యంగా ఉండేది, అందులో అబద్ధం లేదు. కానీ శిథిలాలు ఎత్తేశాక జనానికి కావలసింది ఇన్సూరెన్సు, ఇంటి పర్మిషన్లు. అక్కడే తేడా కొట్టింది. కౌన్సిల్ సీఈఓకి జీతం పెంచితే జనం రోడ్డెక్కారు. చివరికి 2013లో బిల్డింగ్ పర్మిషన్లు ఇచ్చే గుర్తింపునే కౌన్సిల్ పోగొట్టుకుంది, ఊరు మొత్తం మళ్లీ కట్టుకోవలసిన సమయంలో! ప్రభుత్వం తన మనిషిని పంపి ఆ పని సరిచేయించాల్సొచ్చింది. పార్కర్ ఆ ఏడు పోటీయే చేయలేదు. తర్వాత సర్ బిరుదైతే ఇచ్చారనుకో. గొంతు వల్ల గెలిచాడు, ఫైళ్ల దగ్గర దొరికిపోయాడు, నా లెక్క అదీ.

కొత్త బస్టాండ్ అక్క:
పార్కర్ మీద అంత పడకు తమ్ముడూ. అంత పెద్ద భూకంపం తర్వాత ఎవరు కూర్చున్నా ఫైళ్లు పేరుకుపోతాయి, ఆయన మైకు మనిషి కాబట్టి కాదు.

బాబూ, మన దగ్గర అసలు తిరకాసు వేరే. 2022 నుంచి ఒడిశాలో మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకుంటున్నారు, కాబట్టి మావయ్య లాంటి నలుగురికీ తెలిసిన మనిషికి ఛాన్సు ఉన్నమాట నిజమే. పైగా రెండు భాషలు రావడం బరంపురంలో చిన్న విషయం కాదు, ఓట్లడగడానికి తెలుగు వీధిలో ఒకరిని, ఒడియా వీధిలో ఒకరిని వెంటేసుకు తిరగక్కర్లేదు. కానీ గెలిచాక కార్పొరేటర్లంతా పార్టీల వాళ్లు, కమిషనర్ ఏమో రాష్ట్ర ప్రభుత్వం పంపే అధికారి. ఇండిపెండెంట్ మేయర్ సంతకం పెట్టమంటే ఎవరు పెడతారు? మా సందులో కాలువ పూడిక తీయమని అర్జీ పెడితే ఈ సెక్షన్ కాదు ఆ సెక్షన్ అని తిప్పి తిప్పి, వానాకాలం వెళ్లిపోయాక మనిషిని పంపారు. మేయర్ గొంతు ఎంత బాగుంటే మాత్రం ఆ కాలువలో నీళ్లు కదులుతాయా? ముందు మీ వార్డుకి కార్పొరేటర్‌గా నిలబడమను. పార్కర్ కూడా చిన్న ఊరితోనే మొదలెట్టాడని పైనే ఉందిగా.

గేట్‌బజార్ బాబు:
అక్కా, కార్పొరేటర్ మాట నిన్న భోజనాల దగ్గర ఎత్తా. మావయ్య ముఖం చిన్నబుచ్చుకున్నారు, అత్తయ్య మాత్రం ఇంకో చేప ముక్క వేసింది నాకు. బడ్జెట్ పుస్తకం ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి, ఆయన చేత చదివిస్తా.

ఇచ్ఛాపురం ప్యాసింజర్:
కార్పొరేషన్ ఆఫీసులో అడుగు. ఇవ్వనంటే ఆర్టీఐ పెట్టు, ఆ అర్జీ కూడా మావయ్య చేతే రాయించు.