విద్యార్థుల విదేశీ చరిత్ర యాత్ర: ఇటలీకా, సింహళానికా?

చర్చ ప్రారంభం: చరిత్ర అధ్యాపకుడు, అమలాపురం

మా కళాశాలలో చరిత్ర చదువుతున్న 32 మంది రెండో సంవత్సరం విద్యార్థులను వచ్చే జూన్‌లో విదేశీ యాత్రకు తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాం. ముందున్న ప్రణాళికలు రెండు. మొదటిది ఒక యాత్రా సంస్థ తయారుచేసి ఇచ్చింది: 9 రోజుల్లో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, పారిస్. రెండోది నేను రాసుకున్నది: 8 రోజులూ శ్రీలంకలోనే, పాత రాజధానులు అనురాధపురం, పొలన్నరువ, ఆ రెంటికీ నడుమ సిగిరియ కొండకోట. తల్లిదండ్రుల సమావేశంలో ఎక్కువ మంది మొదటిదానికే చేయెత్తారు. అయినా ఓటుతో తేల్చే ముందు నా మాట కూడా వినాలని ఈ చర్చ పెడుతున్నాను.

మన పిల్లలకు రాజరాజ నరేంద్రుడంటే రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతాన్ని తెలుగు చేయించిన రాజు. ఆయన తల్లి కుందవ్వ తంజావూరు రాజరాజ చోళుని కూతురు. అంటే రాజేంద్ర చోళుడు మన నరేంద్రునికి మేనమామ, ఆపైన పిల్లనిచ్చిన మామ. ఆ మేనమామ సేనలే 1017లో సింహళ రాజు ఐదో మహిందుణ్ణి బందీగా పట్టుకుపోయాయి. అనురాధపురం వెలవెలబోయింది, పొలన్నరువ చోళుల పాలనా కేంద్రమయింది. నరేంద్రుని కొడుకు 1070లో కులోత్తుంగుడనే పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే సింహళ రాజు విజయబాహువు చోళులను పొలన్నరువ నుంచి వెళ్ళగొట్టాడు. ద్రాక్షారామంలో కులోత్తుంగుని కాలపు శాసనాలు ఈ పిల్లలకు చూపించాను. చోళులు కట్టిన శివాలయాలు పొలన్నరువలో నేటికీ నిలిచి ఉన్నాయి. సగం కథ ఇంటి దగ్గర చదివి, మిగతా సగం చూడటానికి సముద్రం దాటి వెళ్ళడం కంటే చరిత్ర విద్యార్థికి మంచి ప్రయాణం నాకు తోచడం లేదు.

ఇక నాలుగు నగరాల సంగతి. తొమ్మిది రోజుల్లో రానూ పోనూ విమానాలకు రెండు రోజులు పోతే మిగిలేవి ఏడు. గదులు ఖాళీ చేయడం, పెట్టెలు మోయడం, బస్సు కోసం నిలబడటం తీసివేస్తే ఒక్కో నగరానికి ఒకటిన్నర రోజు కూడా దక్కదు. దీన్ని చూడటం అనవచ్చునా అన్నది నా ప్రశ్న.

విద్యార్థిని తల్లి, భీమవరం

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. పిల్లలకు మన బంధుత్వాలు ఉన్నచోటే చూపించాలంటే వాళ్ళ ప్రపంచం మన చుట్టరికాల మేరకే ఆగిపోతుంది. తనకు ఏ సంబంధమూ లేని ఒక నాగరికత ముందు నిలబడి, ఇదీ మనుషులే కట్టారని ఆశ్చర్యపోవడం పందొమ్మిదేళ్ళ వయసులో జరగాలి. రోమ్‌లో పాంథియన్ అనే పురాతన ఆలయం గుమ్మటం వ్యాసం 43 మీటర్లు. లోపల ఇనుము వేయకుండా పోసిన కాంక్రీటు గుమ్మటాల్లో దాన్ని మించినది ఈనాటికీ లేదు. నడినెత్తిన తెరిచి ఉంచిన వలయం నుంచి వాన నేరుగా నేల మీద పడుతుంది, ఆ నీరు పోవడానికి నేలలో చిన్న రంధ్రాలు ఉన్నాయి. ఇది పుస్తకంలో బొమ్మ చూస్తే తెలిసేది కాదు.

సంబంధమే కావాలంటే అదీ ఉంది. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకరు మసాలియా అని రాసిన తీరం మన కృష్ణా ముఖద్వారం పక్కదే. అక్కడ సన్నని నూలు బట్టలు విరివిగా దొరుకుతాయని రాశాడు. రోమన్ నాణేలు ఆంధ్ర నేలలో ఎన్నో చోట్ల దొరికాయి. నీటిలో బతికే ఊరిని చూపించాలంటే వెనిస్ కంటే ఏముంది? 1966 నవంబరులో సముద్రం ఆ నగరంలో 194 సెంటీమీటర్ల ఎత్తుకు లేచింది. ఇప్పుడు మూడు ముఖద్వారాల దగ్గర 78 తలుపులు నీటి అడుగు నుంచి లేచి పోటును ఆపుతున్నాయి. 1986 గోదావరి వరద చూసిన ఇంట్లో పుట్టిన పిల్లకు అది అర్థం కాదా?

శ్రీలంక దగ్గరే ఉంది, ఉద్యోగం వచ్చాక తన జీతంతో తాను వెళ్ళగలదు. దూరానికి తీసుకువెళ్ళవలసింది కళాశాలే కదా.

నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజినీరు, ధవళేశ్వరం

అమ్మా, వెనిస్ తలుపుల గురించి మీరు రాసినది నిజం, నాకూ చూడాలని ఉంది. కానీ మాస్టారు రాజుల చుట్టరికంతో ఆగిపోయారు. అసలు చుట్టరికం నీటిది. దాని గురించి కొంచెం వివరంగా రాయనివ్వండి.

అనురాధపురానికి నీరిచ్చే చెరువుల్లో ఒకదానికి కలావెవ అనే మరో పెద్ద చెరువు నుంచి ఒక కాలువ వస్తుంది, దాని పొడవు 87 కిలోమీటర్లు. ఐదో శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు తవ్వించాడని చెబుతారు. మొదటి 17 మైళ్ళలో దాని వాలు మైలుకు ఆరంగుళాలు మాత్రమే. ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రం పెట్టి చూడండి, మైలుకు ఆరంగుళాల వాలు తప్పకుండా కాలువ తీయడం ఎంత కష్టమో మా శాఖలో ఎవరినడిగినా చెబుతారు. చెరువు గట్టు లోపల తూముకు నడుమ వాళ్ళు రాతితో నలుచదరపు బావి ఒకటి కట్టేవారు; దాని పేరు బిసోకొటువ. నీటి ఒత్తిడి నేరుగా గట్టు మీద పడకుండా ఆ బావిలో విరిగి, తలుపు ఎంత ఎత్తితే అంతే కిందికి దిగేది. పార్కర్ అనే బ్రిటిష్ ఇంజినీరు ఈ బావుల పని ఇదేనని గుర్తించి రాశాడు. మన పిల్లలు రోజూ లాకుల మీద నుంచి సైకిలు తొక్కుకుంటూ కళాశాలకు వస్తున్నారు. తూము అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ధాతుసేనుని కథ సింహళ వంశ చరిత్రలో ఉంది. కొడుకు కశ్యపుడు సింహాసనం కోసం తండ్రిని బంధించి, ధనం ఎక్కడ దాచావో చూపమని అడిగితే, ఆ రాజు తాను కట్టించిన కలావెవ దగ్గరకు తీసుకువెళ్ళమన్నాడట. చెరువులోకి దిగి స్నానం చేసి, దోసిట నీళ్ళు తీసుకుని, నాకున్న ధనమంతా ఇదేనని చూపించాడట. తరువాత ఆయన్ను చంపించిన కశ్యపుడే 477 నుంచి 495 వరకు సిగిరియ కొండ మీద ఉండి పాలించాడు. అక్కడి తోటల్లోని కొన్ని నీటిచిమ్మెనలు వర్షాకాలంలో ఇప్పటికీ చిమ్ముతాయి. పొలన్నరువలో పన్నెండో శతాబ్దపు పరాక్రమబాహువు తీర్చిన సముద్రమంత చెరువు కింద నేటికీ వరి పండుతోంది. శిథిలం చూపిస్తే పిల్లవాడు చనిపోయినదాన్ని చూస్తాడు. పనిచేస్తున్న చెరువు చూపిస్తే పూర్వుల పని ఇంకా జరుగుతూ ఉండటం చూస్తాడు. నా వాదనలో బలమంతా ఇక్కడే ఉంది.

ఇంకొక్క మాట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇసుక మీద రాతికట్ట ఎలా నిలుస్తుందో కాటన్ నేర్చుకున్నది కావేరి మీది చోళుల ఆనకట్ట కల్లణై చూసి. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. ఒక ఊరి నీటిపని చూసి మరో ఊరికి మేలు చేసిన మనిషి కట్టిన కట్ట వల్లనే మనం ఇక్కడ అన్నం తింటున్నాం.

పూర్వ విద్యార్థి, ప్రస్తుతం హైదరాబాదు

రెండేళ్ళ క్రితం ఇలాంటి తొమ్మిది రోజుల యాత్రకు మా ఆఫీసు బృందంతో వెళ్ళాను. రోమ్‌లోని పాత క్రీడారంగం కొలోసియం టికెట్టు మీద ప్రతి ఒక్కరి పేరూ ఉంటుంది, అది గుర్తింపు పత్రంతో సరిపోవాలి. మా యాత్రా సంస్థ ఐదుగురి ఇంటిపేర్లు, అసలు పేర్లు తారుమారు చేసి టికెట్లు తీసుకుంది. ఆ ఐదుగురూ బయటే నిలబడ్డారు. బస్సుకు వేళయిందని సాయంత్రం ఫ్లోరెన్స్ బయలుదేరాం. వాళ్ళు మళ్ళీ రోమ్ చూడలేదు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనుక, ఒకరికి పొడి అక్షరంగా ఉంటుంది కాబట్టి 32 మందితో ఈ చిక్కు తప్పక వస్తుంది. ఏ దేశమైనా సరే, పాస్‌పోర్టు రెండో పుట చూసి అక్షరం అక్షరం ఒకరు రాయాలి, మరొకరు సరిచూడాలి.

ఐరోపా దేశాలు ఎన్నింటికో ఉమ్మడిగా ఇచ్చే షెంజెన్ వీసా రుసుము పెద్దవారికి 90 యూరోలు, వేలిముద్రలకు ప్రతి విద్యార్థీ స్వయంగా వెళ్ళాలి, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, ఖర్చు భరించేవారి బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతారు. 32 మందిలో ఇద్దరికి వీసా రాకపోతే ఏం చేస్తారో ముందే నిర్ణయించుకోండి.

విద్యార్థి తండ్రి, ముమ్మిడివరం దగ్గర గోదావరి లంక గ్రామం

నేను ఇలాంటి చోట ఎప్పుడూ రాయలేదు. మా అబ్బాయి రాసిపెడుతున్నాడు, మాట నాది.

ఆ రోజు సమావేశంలో నేను ఉన్నాను. ఇటలీ అన్నప్పుడు చేయెత్తలేదు, శ్రీలంక అన్నప్పుడూ ఎత్తలేదు. ఎక్కడికి అని అడిగారు గానీ, ఎంతమంది డబ్బు కట్టగలరని ఎవరూ అడగలేదు. నేను మూడెకరాలు కౌలుకు చేస్తాను. మా ఇంట్లో ఇప్పటిదాకా ఉన్న పాస్‌పోర్టు ఒక్కటే, అది నా భార్యది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తోంది. మా చుట్టుపక్కల పాస్‌పోర్టు అంటే అందుకే. మా ఇంటి నుంచి రెండో పాస్‌పోర్టు ఒక పిల్లవాడు గుళ్ళూ చెరువులూ చూసి చదువుకోవడానికి తీస్తే నాకు చాలా సంతోషం. ఈ మాట ఫోనులో చెబితే ఆవిడ ఏడ్చింది.

ఇటలీ గొప్పదే కావచ్చు. నా కొడుకు అక్కడికి వెళ్ళలేడు. వాడిలాంటివారు తరగతిలో ఇంకా ఉన్నారు, పైకి చెప్పరు. సగం మంది వెళ్ళి వచ్చి ఫోటోలు చూపిస్తుంటే మిగతా సగం అదే బెంచీల మీద కూర్చుని చూడవలసిన యాత్ర కళాశాల పేరుతో చేయవద్దని నా మనవి. శ్రీలంక అయితే దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బు చేతికొచ్చాక కట్టగలను. ఫిబ్రవరిలో కట్టమంటే మాత్రం వడ్డీకి తేవాలి.

విద్యార్థిని తల్లి, భీమవరం

అన్నయ్యగారూ, మీరు రాసినది మా అమ్మాయి, నేను కలిసి చదివాం. సమావేశంలో నేను ముందు వరసలో చేయెత్తాను. నా పక్కన ఎవరు ఎత్తలేదో తిరిగి చూడలేదు. ఈ జూన్‌కు ఇటలీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే మాస్టారూ, పిల్లలకు పరాయిదాన్ని చూపించాలన్న నా అభిప్రాయం మారలేదు. మూడేళ్ళ ముందుగా నెలనెలా కొద్దిగా జమచేసే నిధి ఒకటి మొదలుపెట్టి, రోమ్ ఒక్క నగరంలోనే వారం రోజులు ఉండే యాత్ర ఎందుకు వేయకూడదు? నాలుగు నగరాలు వద్దన్న మీ వాదనను నేను ఒప్పుకుంటున్నాను. దూరం వద్దన్నదాన్ని ఒప్పుకోను. అమ్మాయిలు 14 మంది ఉన్నారు కాబట్టి మహిళా అధ్యాపకులు ఇద్దరైనా వెంట ఉండాలని కూడా అడుగుతున్నాను.

చరిత్ర అధ్యాపకుడు, అమలాపురం

అమ్మా, దూరం వద్దని నేననలేదు. అయినా నా రాతలో అలా వినిపించి ఉంటే ఆ తప్పు నాదే. రోమ్ నిధి ప్రతిపాదన ఈ నెలాఖరు సమావేశంలో పెడతాను. ఆ ఖాతా లెక్కలు చూసే బాధ్యత మీరు తీసుకోవాలని నా కోరిక. మహిళా అధ్యాపకులు ఇద్దరు వస్తున్నారు.

ముమ్మిడివరం నుంచి రాసిన పెద్దాయన మాట చదివాక నా ప్రణాళికను మొదటి నుంచి మళ్ళీ రాశాను. మొదటి విడత పాస్‌పోర్టు, విమానం టికెట్లకు సరిపడా మాత్రమే, దాన్ని ముందుగా కళాశాల నిధి నుంచి ఇస్తాం. మిగతాది దాళ్వా ధాన్యం అమ్మకాలయ్యాక, మే నెలాఖరుకు కట్టవచ్చు. విదేశీ యాత్రా ప్యాకేజీ మీద సంస్థ ముందుగానే పన్ను వసూలు చేస్తుంది. బిల్లు ఎవరి పాన్ నంబరు మీద ఉంటే వారే దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో తిరిగి కోరవచ్చు. అందువల్ల మొత్తానికి ఒకే బిల్లు కాకుండా ఎవరి బిల్లు వారికి ఇవ్వాలని షరతు రాస్తున్నాను. 32 మందిలో ఒక్కరు డబ్బు కారణంగా ఆగిపోయినా యాత్ర వాయిదా వేస్తాం, వాళ్ళను వదిలి వెళ్ళం.

చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి కొలంబోకు గంటన్నర విమానం. బస రెండు చోట్లే: అనురాధపురంలో మూడు రాత్రులు, సిగిరియ దగ్గరి దంబుల్లలో నాలుగు. జూన్ పున్నమికి పొసోన్ పండుగ వస్తుంది, అశోకుని కాలపు భిక్షువు మహిందుడు బౌద్ధాన్ని తెచ్చిన రోజని అనురాధపురం, మిహింతలే జనంతో నిండిపోతాయి. ఆ పున్నమి దాటిన వారం తరువాతే బయలుదేరుతాం. భుజాలు, మోకాళ్ళు కప్పే లేతరంగు బట్టలు చాలు. స్తూపాల దగ్గర చెప్పులు విడవాలి, మధ్యాహ్నం రాళ్ళు కాలిపోతాయి కాబట్టి ఉదయం, సాయంత్రమే చూస్తాం. బుద్ధ విగ్రహానికి వీపు చూపించి ఫోటో తీసుకోవడం అక్కడ తప్పు. ఈ మాట పిల్లలకు ఇక్కడే గట్టిగా చెబుతాను. అనురాధపురం మెట్ల ముందు అర్ధచంద్రాకారంలో చెక్కిన రాతి పలకలు, చంద్రశిలలు, చూసే ముందు, మన నాగార్జునకొండలో ఉన్న చంద్రశిలను మార్చిలో చూపిస్తాను. సింహళ భిక్షువుల కోసం కట్టిన విహారం కూడా ఆ కొండ దగ్గరే ఉండేది.

ఇంజినీరుగారూ, పిల్లలు కలావెవ కాలువ చూడకముందే వాలు అంటే ఏమిటో చేత్తో కొలవాలి. వచ్చే ఆదివారం ఉదయం ఏడున్నరకు ధవళేశ్వరం కాటన్ మ్యూజియం దగ్గరికి 32 మందినీ తీసుకువస్తున్నాను. మీ దగ్గర ఉన్న పాత లెవెల్ యంత్రం, కొలత కర్ర తెచ్చి, లాకుల నుంచి ఒక మైలు దూరం వాళ్ళ చేత కొలిపించండి. అమలాపురం బస్టాండు నుంచి బస్సు ఐదున్నరకు. ముమ్మిడివరం వైపు పిల్లలకు అంత పొద్దున్నే బస్సు ఉండదు, వాళ్ళు ముందు రోజు రాత్రి మా ఇంట్లో పడుకోవచ్చు.