చర్చ: సైకిలు మీద కొండలు పదేపదే ఎక్కాలంటే ముందు, పెడళ్ళ దగ్గర, ఒక రింగా, రెండా?

నాగావళి_29
వాడకం ఇదీ: శృంగవరపుకోట దాటాక అనంతగిరి వైపు మట్టి బాటలు, మందస వైపు మహేంద్రగిరి అడుగున రాళ్ళ దారులు. ఒక్క పూటలో అదే ఎత్తు మూడు నాలుగు సార్లు ఎక్కాలి. సైకిలు 29 అంగుళాల చక్రాలది, ముందు 36, 22 పళ్ళ రింగులు రెండు, వెనక 11 నుంచి 36 పళ్ళ దాకా పది రింగులు (11-36, పది స్పీడు). "చిన్న రింగు పీకేసి ఒక్కటే పెట్టు" అంటున్నారు. పీకితే ఎక్కడానికి లాభమేనా? లెక్కతో చెప్పండి.

కొండగాలి
పీకొద్దు బాబూ. ఇప్పుడు నీ అతి తేలిక గేరు 22 బై 36, అంటే పెడల్ ఒక చుట్టుకు వెనక చక్రం 0.61 చుట్టు. చిన్నది తీసేసి 32 రింగు పెడితే, వెనక అదే 36 మీద 0.89 అవుతుంది. పెడల్ నిమిషానికి 60 చుట్లు తిరిగితే మొదటి దాంట్లో గంటకు 5 కిలోమీటర్లు, రెండో దాంట్లో 7.3. మనిషీ బండీ కలిపి 85 కిలోలనుకో. 15 శాతం ఎత్తులో బరువును పైకి లాగడానికే మొదటి దాంట్లో 173 వాట్లు, రెండో దాంట్లో 250 వాట్లు కావాలి. ఒకసారి ఎక్కేయొచ్చు. నాలుగోసారికి మోకాళ్ళు మొరాయిస్తాయి.

పైగా 22 రింగు లోపలివైపు ఉంటుంది కనుక పెద్ద పళ్ళ మీద చైన్ దాదాపు తిన్నగా నడుస్తుంది. ఒకే రింగు బండిలో, సరిగ్గా ఎక్కే గేరులోనే చైన్ బాగా ఏటవాలుగా ఉంటుంది. అరిగేది అక్కడే.

ఎర్రమట్టి
లెక్క కరెక్టే అన్నా, పోలికే సరికాదు. 11-36 అలాగే ఉంచి రింగు ఒక్కటి చేయమనడం ఎవరు చెప్పినా తప్పే. క్యాసెట్ (వెనక పళ్ళ రింగుల గుత్తి) కూడా మారాలి. షిమానో డియోర్ 11 స్పీడులో 11-51 వస్తుంది, మామూలు హెచ్‌జీ రకం ఫ్రీహబ్ (వెనక చక్రంలో క్యాసెట్ ఎక్కే భాగం) మీదే కూర్చుంటుంది, చక్రం మార్చక్కర్లేదు. అదే కంపెనీ 12 స్పీడు 10-51 తీసుకుంటే మైక్రో స్ప్లైన్ అనే వేరే రకం ఫ్రీహబ్ కావాలి. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 32 బై 51 అంటే 0.63. నీ 0.61కి దగ్గరే. 30 రింగు పెడితే 0.59, ఇంకా తేలిక.

అరుగుదల మాటకొస్తే, చిన్న రింగుకు ఒక ఖర్చుంది, దాన్నెవరూ చెప్పరు. కాలు ఒకే బలంతో తొక్కినా 32 మీద కన్నా 22 మీద చైన్‌లో లాగుడు 45 శాతం ఎక్కువ, రింగు వ్యాసార్థం తక్కువ కాబట్టి. తిన్నని చైన్ దారి ఇచ్చిన లాభంలో కొంత ఆ లాగుడే తినేస్తుంది. బురదలో పళ్ళు అరిగిన 22 రింగు చైన్‌ను వదలక పైకి లాక్కుపోతుంది, ఫ్రేమ్‌కు గీతలు పడతాయి.

కొండగాలి
లాగుడు మాట ఒప్పుకుంటున్నాను, అది నేను లెక్కలోకి తీసుకోలేదు. కానీ 12 స్పీడు క్యాసెట్లు చాలావాటిలో అతి పెద్ద పళ్ళ రింగు అల్యూమినియం. ఎక్కేవాడు రోజూ దాని మీదే ఉంటాడు. స్టీలు 36 అంత త్వరగా అరగదు.

జీడితోట
ఇద్దరూ చైన్ కొలత మాట ఎత్తలేదేటి? ఉద్దానం ఇసుక చైన్ పిన్నుల్లోకి దూరితే ఒక రింగైనా రెండైనా ఒకటే. పిన్ను నుంచి పిన్నుకు స్కేలు పెట్టండి. కొత్త చైన్‌లో 24 ఖండాలు సరిగ్గా 12 అంగుళాలు. 12 అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతు సాగుడు దాటబోతోందంటే, అంటే 0.5 శాతం, 11, 12 స్పీడు చైన్ మార్చేయాలి. పది స్పీడుకు 0.75 దాకా ఆగొచ్చు. ఆలస్యం చేస్తే కొత్త చైన్ అరిగిన పళ్ళ మీద నిలవదు. ఎత్తులో గట్టిగా తొక్కగానే ఎగురుతుంది, అప్పుడు క్యాసెట్ కూడా పోతుంది.

ఎండాకాలం మైనం లూబ్ (చైన్‌కు వేసే మందు) వాడండి, దుమ్ము అంటదు. వానల్లో తడి లూబ్. రెండింటికీ ముందు చైన్ కడిగి ఆరనివ్వాలి, పాత నూనె మీద కొత్తది పోస్తే మురికి ముద్దే. ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క చాలు, పైన మిగిలినది గుడ్డతో తుడిచేయాలి.

నాగావళి_29
లెక్కలు చూశాక ఎర్రమట్టి గారి దారి వైపు మొగ్గుతున్నాను. ఇప్పుడున్న క్రాంక్‌కే (పెడళ్ళు తగిలించే చేతులకే) రింగు పడుతుందా? ఇంకేం మార్చాలి?

ఎర్రమట్టి
ముందు క్రాంక్ బోల్టుల వలయం వ్యాసం చూడు. నాలుగు బోల్టులూ 104 మిల్లీమీటర్లదైతే మామూలుగా 32 రింగు పడుతుంది. వేరే కొలతైతే దానికి సరిపోయేదే వెతకాలి. ఒక్క రింగుకు పళ్ళు ఒకటి సన్నం, ఒకటి లావుగా ఉన్నదే కొను, పొట్టి బోల్టులు వేయి. పాతవి పొడవై రింగు వదులుగా ఉంటుంది. 11 స్పీడు షిఫ్టర్ (గేరు మార్చే మీట), 51కి సరిపోయే, చైన్ ఊగకుండా పట్టే క్లచ్ ఉన్న డిరైలర్ (చైన్‌ను ఒక రింగు నుంచి ఇంకో రింగుకు జరిపే భాగం), కొత్త చైన్ కూడా కావాలి. పది స్పీడు షిఫ్టర్ దీనికి కుదరదు.

బిగించాక 51 మీదకు వేసి, డిరైలర్ పై పుల్లీకి, క్యాసెట్ పళ్ళకు మధ్య దూరం డిరైలర్ మీదున్న బీ స్క్రూతో సరిచూడు. దగ్గరగా ఉంటే గరగరలాడుతుంది, దూరమైతే గేరు నెమ్మదిగా పడుతుంది. వెనక సస్పెన్షన్ ఉన్న బండైతే సీటు మీద మనిషి కూర్చున్నప్పుడే చూడాలి.

కొండగాలి
ఆ 32 దగ్గరే ఆగకు. క్రాంక్‌కు పడితే 30 తీసుకో. దిగుడులో వేగం కాస్త తగ్గుతుంది, అయినా రాళ్ళ దిగుడులో ఎవరు పెడల్ తొక్కుతారు?