వారెన్స్‌బర్గ్ వెళ్తున్న తమ్ముడికి ఏం చెప్పి పంపాలి?

శ్రావణి, కొత్తపేట:
మా తమ్ముడికి అమెరికాలో, వారెన్స్‌బర్గ్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీలో సీటొచ్చింది. ఆగస్టులో ప్రయాణం. అది చిన్న ఊరేనట. కారు లేకుండా గడుస్తుందా? మనుషులెలా ఉంటారు?

రమేష్, ఉప్పల్:
ఊళ్లో గడుస్తుందమ్మా, ఇబ్బంది ఊరు దాటేటప్పుడే. కాన్సాస్ సిటీ ఎయిర్‌పోర్టు నుంచి కారులో గంటకు పైనే. అర్ధరాత్రి దిగే టికెట్ కొనొద్దు, రైడ్ ముందే మాట్లాడుకోవాలి. ఆమ్‌ట్రాక్ (అక్కడి ప్యాసింజర్ రైళ్ల సంస్థ) వాళ్ల మిస్సోరీ రివర్ రన్నర్ రైలు వారెన్స్‌బర్గ్‌లో ఆగుతుంది, కానీ ఎక్కాల్సింది సిటీలోని యూనియన్ స్టేషన్లో. రైలు ఎయిర్‌పోర్టుకే వస్తుందనుకుని చాలామంది పొరబడతారు.

లక్ష్మి, మియాపూర్:
సామాన్లలో మన మిక్సీ పెట్టకండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన 230 వోల్టుల మోటారు సరిగ్గా తిరగదు. ప్లగ్ అడాప్టర్ పిన్నులే మారుస్తుంది, వోల్టేజీని కాదు. కుక్కర్ అడుగు చదునుగా ఉండాలి, లేకపోతే కరెంటు పొయ్యి మీద సరిగ్గా వేడెక్కదు. పచ్చి కరివేపాకు కస్టమ్స్‌లో తీసేస్తారు. తాలింపు వేసేముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలి, పొగకి అలారం మోగుతుంది.

కిరణ్:
వసంతకాలంలో టోర్నడో (భారీ సుడిగాలి) సైరన్ మోగితే బేస్‌మెంట్‌కి, అది లేకపోతే కింది అంతస్తులో కిటికీలు లేని గదికి వెళ్లాలి. బాల్కనీలోకి వచ్చి చూడకూడదు, ఇది గట్టిగా చెప్పండి.

మనుషుల సంగతంటారా, దగ్గర్లోనే వైట్‌మన్ ఎయిర్‌ఫోర్స్ బేస్ ఉంది కాబట్టి రకరకాల ప్రాంతాలవాళ్లు కనిపిస్తారు. కోర్టు ముందు ఓల్డ్ డ్రమ్ అనే కుక్క విగ్రహం ఉంటుంది. దాన్ని కాల్చి చంపిన కేసులో 1870లో లాయర్ జార్జ్ వెస్ట్ చేసిన వాదన అక్కడివాళ్లకి ఎంతో గర్వం. మాట కలపాలంటే దాని గురించే అడగమనండి.