ఫ్రెట్‌బోర్డు మీద జిడ్డు, ఫ్రెట్ల చివర పచ్చగా... కొబ్బరి నూనె రాయొచ్చా?

సిక్కోలు_తీగ:
మాది శ్రీకాకుళం. నా దగ్గర ఒక అకౌస్టిక్ గిటార్ ఉంది, స్టీలు తీగలది, పెద్ద ఖరీదైనదేం కాదు. ఆదివారం చర్చిలో వాయిస్తాను, మిగతా రోజుల్లో సాయంత్రం పూట డాబా మీద. నిన్న తీగలు మార్చుదామని విప్పడం మొదలుపెట్టి, రెండు తీసేసరికి కింద ఉన్న అవతారం చూసి ఆగిపోయాను. మొదటి అయిదు ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) దాకా ప్రతి ఫ్రెట్టు పక్కనా నల్లగా గట్టిపడిన జిడ్డు, గోరుతో గీకితే ముద్దలా వస్తోంది. ఫ్రెట్ల చివర పచ్చగా పొడి. పన్నెండో ఫ్రెట్టు దాటాక, అంటే నేను దాదాపు చెయ్యి పెట్టని చోట, చెక్క పాలిపోయి ఎండిపోయినట్టుంది.

తీగలు కొన్న షాపులో అడిగితే కొబ్బరి నూనె పట్టించి రాత్రంతా వదిలెయ్యమన్నారు. మా అమ్మేమో ఇంట్లో గానుగ నువ్వుల నూనె ఉండగా కొబ్బరి నూనె ఎందుకంటోంది. వీడియోల్లో అందరూ లెమన్ ఆయిల్ అంటారు గానీ ఆ చిన్న సీసా ధరకి నాకు కొత్త తీగల సెట్టే వస్తుంది. ఏది రాయాలి? గిన్నెలు తోమే స్టీలు పీచు వాడొచ్చా? ఇంకోటి, తీగలన్నీ ఒకేసారి తీసేస్తే మెడ వంగిపోతుందని మా ఫ్రెండు తెగ భయపెట్టాడు, అది నిజమేనా? మిగతా నాలుగూ అలాగే ఉంచాను. ఎవరైనా తొందరగా చెప్పండి, ఆదివారానికి గిటార్ కావాలి.

కోట_జంక్షన్:
కొబ్బరి నూనే రాసెయ్ బ్రో, టెన్షన్ పడకు. నేను చాన్నాళ్ళుగా అదే రాస్తున్నా, బోర్డు నిగనిగలాడుతోంది. లెమన్ ఆయిల్ అంతా బిజినెస్.

పాత_ఫ్రెట్లు:
తమ్ముడూ, నూనె సంగతి తర్వాత. ముందు శుభ్రం చెయ్యాలి. జిడ్డు మీద ఏ నూనె పోసినా ఆ జిడ్డే మెత్తబడి చెక్క రంధ్రాల్లోకి ఇంకా లోపలికి దిగుతుంది తప్ప పోదు. ఈ వరస తెలియకే సగం గిటార్లు పాడవుతున్నాయి (విజయనగరంలో నేను సాయంత్రాలు చిన్నా చితకా రిపేర్లు చేస్తుంటాను, నా దగ్గరకి వచ్చేవి ఎక్కువ ఇలాంటివే).

తీగలన్నీ నిశ్చింతగా తీసెయ్. మీ గిటార్ మెడ లోపల ట్రస్ రాడ్ అని ఇనప కడ్డీ ఉంటుంది, ఒక పూట తీగలు లేకపోతే దానికేం కాదు. ఒక్క తీగనే కటక్కున కోసెయ్యకుండా అన్నిటినీ కొంచెం కొంచెంగా వదులు చేసి తియ్యి, చాలు. ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందంటే, బ్రిడ్జి, అంటే తీగల్ని మోసే ముక్క, అతికించకుండా తీగల బిగువు మీదే నిలబడే వాద్యాలు కొన్ని ఉన్నాయి. వయొలిన్‌లో అన్ని తీగలూ తీసేస్తే బ్రిడ్జి ఊడిపోతుంది, లోపల నిలబెట్టిన సౌండ్‌పోస్టు అనే చిన్న పుల్ల కూడా పడిపోవచ్చు. స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి ఉన్న ఎలక్ట్రిక్ గిటార్లకి సెట్టింగు మారిపోతుంది. నీ దానికి ఈ రెండూ వర్తించవు.

తర్వాత పాత టూత్‌బ్రష్షు, మెత్తటిది, పొడిగానే తీసుకుని ఫ్రెట్టు పక్కన రుద్దు. గట్టిపడిన చోట గడువైపోయిన ఏటీఎం కార్డు అంచుతో గీకు. బ్లేడు, స్క్రూడ్రైవరు దగ్గరకి రానివ్వకు. ఆ పైన గుడ్డని నీళ్ళలో ముంచి బాగా పిండేసి, తడి ఉందా లేదా అన్నట్టుగా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తు. ఫ్రెట్లు దిగిన గాట్లలోకి నీళ్ళు వెళ్ళకూడదు. ఇంతతోనే ముప్పాతిక వంతు వచ్చేస్తుంది. ఇంకా మొండికేస్తే సిగరెట్ లైటర్లో పోసే ద్రవం, నాఫ్తా అంటారు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి తుడువు. కిటికీలు తెరిచి, పొయ్యీ అగరొత్తులూ లేని గదిలో. పెట్రోలు వద్దు, అది ప్రమాదం. కిరోసిన్ అసలే వద్దు, పూర్తిగా ఆరదు, వాసన పోదు. శానిటైజర్ వాడదామనుకునేవాళ్ళు బాడీ పాలిష్ మీద ఒక్క చుక్క పడితే ఏమవుతుందో ఆలోచించుకోండి, కొన్ని రకాల పాలిష్‌ని అది తినేస్తుంది.

స్టీలు పీచు: గిన్నెలదైతే చెక్క మీద గాట్లు పడతాయి, వద్దు. గిటార్‌కి వాడేది నాలుగు సున్నాల నంబరు స్టీల్ ఊల్, దూదిలా సన్నగా ఉంటుంది. అదైనా చెక్క పోగు వెంటే, అంటే మెడ పొడుగునా రుద్దాలి, అడ్డంగా కాదు, ముందు సౌండ్‌హోల్‌ని, అంటే తీగల కింద ఉండే గుండ్రటి రంధ్రాన్ని, పేపర్ టేపుతో మూసెయ్యాలి. ఎలక్ట్రిక్ అయితే ఆ ఇనప పొడంతా తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్‌ల అయస్కాంతాలకి అతుక్కుని కూర్చుంటుంది కాబట్టి పికప్‌లు కూడా కప్పాలి. నీకు బ్రష్షూ కార్డూ సరిపోతాయిలే.

ఆ పచ్చటిది తుప్పు కాదు. ఫ్రెట్ల లోహాన్ని నికెల్ సిల్వర్ అంటారు గానీ అందులో వెండి చుక్క కూడా ఉండదు, రాగి, జింకు, నికెల్ కలిపిన మిశ్రమం. ఎక్కువ భాగం రాగే. చెమటలో ఉప్పు, గాల్లో తేమ, రెండూ కలిసి రాగిని అలా పచ్చగా చేస్తాయి. ఫ్రెట్టుకి రెండు వైపులా చెక్క మీద పేపర్ టేపు అతికించి, బ్రాసో లాంటి లోహం పాలిష్ గుడ్డకి కొద్దిగా రాసి రుద్దు, మెరుస్తాయి. టేపు లేకుండా మాత్రం చెయ్యకు, ఆ పాలిష్ చెక్క రంధ్రాల్లో తెల్లగా ఎండిపోయిందంటే ఇక పుల్లతో ఏరుకోవాల్సిందే.

ఇప్పుడు నూనె. లెమన్ ఆయిల్ పేరుతో అమ్మే వాటిలో చాలావరకు మినరల్ ఆయిలే, నిమ్మ వాసన కలుపుతారు. ఆ మినరల్ ఆయిల్ మన మెడికల్ షాపుల్లోనే లిక్విడ్ పారాఫిన్ పేరుతో చవగ్గా దొరుకుతుంది. మలబద్ధకానికి ఇచ్చేది కాబట్టి షాపాయన నీవైపు కాస్త జాలిగా చూస్తాడు, పట్టించుకోకు. వేరే మందులు కలిపిన తెల్లటి సిరప్ ఇస్తే తీసుకోకు, ఉత్తదే అడుగు, నీళ్ళలా తేటగా ఉంటుంది. బోర్డు మొత్తానికి అర చెంచా కూడా ఎక్కువే. గుడ్డతో పల్చగా రాసి, అయిదు నిమిషాలాగి, ఇంకేం రావట్లేదు అనేదాకా తుడిచెయ్యి. ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. రాత్రంతా నానబెట్టడానికి అదేమీ ఊరగాయ కాదు.

కోట_జంక్షన్ అన్న మాటలో ఒకటి నిజం, కొబ్బరి నూనె మిగతా వంటనూనెల కంటే నెమ్మదిగా పాడవుతుంది, అందుకే ఆయన బోర్డు ఇంకా వాసన రాలేదు. కానీ అది ఎప్పటికీ ఆరదు, పైన పొరలా ఉండి దుమ్ము పడుతుంది, పుష్యమాసం చలికి సీసాలో గడ్డకట్టినట్టే చెక్కలోనూ గడ్డకడుతుంది. నువ్వుల నూనె ఇంకా కష్టం, గాలి తగిలి కొన్నాళ్ళకి బంకలా తయారవుతుంది. అమ్మని ఆ నూనె పులిహోరకి దాచమను.

సిక్కోలు_తీగ:
అన్నా చాలా థాంక్స్. బ్రష్షు కొట్టాను, జిడ్డు బాగా వచ్చింది. కానీ తడిగుడ్డతో తుడుస్తుంటే ఎన్నిసార్లు తుడిచినా గుడ్డ నల్లగానే వస్తోంది. ఇది మురికా, చెక్క రంగే పోతోందా? అసలిది రోజ్‌వుడ్డో కాదో కూడా నాకు తెలీదు, కొన్నప్పుడు రోజ్‌వుడ్ అనే చెప్పారు.

పాత_ఫ్రెట్లు:
అక్కడే ఆపెయ్. నువ్వు చెయ్యి పెట్టని చోట, ఆఖరి ఫ్రెట్ల దగ్గర, తడిగుడ్డ మూలతో ఒక్కసారి రుద్ది చూడు. అక్కడ కూడా నల్లగా వస్తే అది మురికి కాదు, రంగు. చవక గిటార్లలో తెల్లటి చెక్కకి నల్లరంగు పట్టించి బిగించడం మామూలే. అలాంటిదైతే నాఫ్తా, స్పిరిట్ లాంటివేవీ ముట్టించకు, పొడి బ్రష్షుతో సరిపెట్టు. అక్కడ శుభ్రంగా వచ్చి, మొదటి ఫ్రెట్ల దగ్గరే నల్లగా వస్తే మురికే, ఇంకో విడత తుడువు. అసలు రోజ్‌వుడ్, మన జిట్రేగి, స్పిరిట్ తగిలితే కొద్దిగా ఊదా గోధుమ రంగు వదులుతుంది, నల్లగా మాత్రం కాదు. ఈమధ్య కొన్ని కంపెనీలు ఇండియన్ లారెల్ అని పెడుతున్నాయి, అది మన అడవుల్లో ఉండే నల్లమద్దే. మంచి చెక్క, దానికీ ఇవే జాగ్రత్తలు.

ఇది చదివే మిగతావాళ్ళకి, బోర్డు పసుపుపచ్చగా మెరుస్తూ ఉంటే అది చాలావరకు వార్నిష్ వేసిన మేపుల్ చెక్క. దానికి నూనె అక్కర్లేదు, వేసినా లోపలికి పోదు, తడిగుడ్డ చాలు.

వీణపాణి_బొబ్బిలి:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇది చూసి ఎవరైనా ఇంట్లో ఉన్న వీణకి కూడా ఇదే వైద్యం చేస్తారేమోనని భయమేసి రాస్తున్నాను. మా బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వైపు పనస చెక్కతో చేసే వీణలకి మెట్లు చెక్కలో దిగవు. రెండు పక్కలా నల్లటి మైనం పోసి, ఆ మైనం మీద 24 మెట్లు కూర్చోబెడతారు. దాని మీద నాఫ్తా గానీ, కిరోసిన్ గానీ, మీరు చెప్పిన పారాఫిన్ గానీ పడిందంటే మైనం కరుగుతుంది, మెట్టు కదులుతుంది, శ్రుతి అంతా పాడవుతుంది. మళ్ళీ కూర్చోబెట్టడానికి చెవి ఉన్న పనివాడు కావాలి, యాప్‌తో అయ్యే పని కాదు. వీణకి పొడి మెత్తటి గుడ్డ, మెట్ల మధ్య దుమ్ముకి చిన్న బ్రష్షు, అంతే. ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టకండి, మైనం మెత్తబడటానికి మన ఎండలు చాలు.

పాత_ఫ్రెట్లు:
మంచి మాట చెప్పారమ్మా. వీణ సంగతి నాకు తట్టనే లేదు.

మాదాపూర్_సిక్కోలోడు:
నాదీ శ్రీకాకుళమే, ఉద్యోగం హైదరాబాదులో. ఇక్కడ ఏసీ గదిలో పెట్టాక నా గిటార్ ఫ్రెట్ల చివర్లు బయటకి పొడుచుకొచ్చి చెయ్యి గీసుకుపోతోంది. అందరూ నూనె రాయి, నూనె రాయి అన్నారు, రాసినా ఏమీ మారలేదు. నూనె వేరు, తేమ వేరు. చెక్క గాల్లోని తేమని బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. చెక్క ముడుచుకుంటే లోహం ముడుచుకోదు కదా, ఫ్రెట్టు బయటపడుతుంది. గిటార్లకి గాల్లో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిదంటారు. కొలిచే చిన్న మీటరు చవకే, కేసులో పడేసుకోవచ్చు.

సిక్కోల్లో మీ సమస్య దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. సముద్రం గాలి, ఎప్పుడూ తేమ. పైచెక్క ఉబ్బి తీగలు ఎత్తుగా అనిపిస్తాయి, తీగలు తొందరగా నల్లబడతాయి. కళింగపట్నం బీచ్‌కి గిటార్ పట్టుకెళ్ళి ఫొటోలు దిగేవాళ్ళని చూస్తే నాకు ఏడుపొస్తుంది. నువ్వు సాయంత్రం డాబా మీద వాయిస్తానన్నావు, వాయించు, కానీ మంచు పడే వేళకి లోపల పెట్టెయ్, గోడకి తగిలించకుండా కేసులో పెట్టి మూసెయ్, నాలుగు సిలికా జెల్ పొట్లాలు పడెయ్. ఆ పొట్లాలు కూడా ఎప్పటికీ పనిచెయ్యవు, నిండిపోయాక మార్చాలి. ఏసీ గదికి గానీ ఎండాకాలం హైదరాబాదుకి గానీ తెస్తే మాత్రం ఆ పొట్లాలు తీసెయ్, అప్పుడు కావాల్సింది తేమ.

కోట_జంక్షన్:
సరే అన్నయ్యా, ఒప్పుకున్నా, కొబ్బరి నూనె ఇక తలకే. ఇప్పటికే పట్టిన దాన్ని ఏం చెయ్యాలి?

పాత_ఫ్రెట్లు:
నాఫ్తాతో రెండు మూడు విడతలుగా తుడువు, గుడ్డ మారుస్తూ. ఒక్కరోజులో లాగెయ్యాలని చూడకు, మధ్యలో ఒకటి రెండు రోజులు వదిలితే లోపలున్నది పైకి వస్తుంది. పోయాక చెక్క తెల్లగా కనిపిస్తే అప్పుడు పారాఫిన్ పల్చగా.

సిక్కోలు_తీగ:
ఆఖరి ఫ్రెట్ల దగ్గర రుద్ది చూశాను, గుడ్డకి ఏమీ అంటలేదు. అంటే మురికే. ఇంకోసారి తుడిచాను, ఇప్పుడు చెక్క పోగులు కనిపిస్తున్నాయి, ముదురు గోధుమ రంగు. పారాఫిన్ కూడా తెచ్చాను, షాపాయన నిజంగానే అరటిపండ్లు తినమని సలహా ఇచ్చాడు 😂 ఆదివారం పొద్దున్నే తీగలు ఎక్కిస్తే సరిపోతుందా?

పాత_ఫ్రెట్లు:
పొద్దున్నే వద్దు, పాట మధ్యలో శ్రుతి జారిపోతుంది. కొత్త తీగలు సాగుతాయి. శనివారం మధ్యాహ్నమే ఎక్కించి, ఒక్కో తీగని వేళ్ళతో మెల్లగా పైకి లాగి మళ్ళీ శ్రుతి చెయ్, కదలడం మానేసేదాకా. ఎక్కించే ముందు బోర్డు మీద వేలు పెట్టి చూడు, నూనె అంటుకుంటే ఇంకా తుడవాలన్నమాట, లేకపోతే కొత్త తీగల చుట్టల్లోకి దిగి మోత చచ్చిపోతుంది. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది గానీ మంచి గిటార్ తీగల కోసం ఇప్పటికీ పార్సిల్ కోసమే ఎదురుచూస్తున్నాం, కాబట్టి ఉన్నవాటిని కాపాడుకో. చర్చిలో జేబులో ఒక పొడి చేతిరుమాలు పెట్టుకుని, వాయించడం అయ్యాక కేసులో పెట్టే ముందు తీగల పైనా కిందా ఒక్కసారి లాగి తుడువు.