గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడొచ్చా? చర్చ

నాదబిందు:
జలుబు వల్లో, అరిచి అరిచో గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అంటారు కొందరు, గుసగుసే గొంతును ఇంకా పాడుచేస్తుందంటారు మరికొందరు. నేను మొదటి పక్షం. మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు (గొంతులో అదిరి ధ్వని పుట్టించే రెండు మడతలు) మగవాళ్లలో సెకనుకు సుమారు 100–120 సార్లు, ఆడవాళ్లలో 200 సార్లకు అటూ ఇటూగా ఒకదానికొకటి తగులుతాయి. వాచిన పొర మీద నిమిషానికి వేల దెబ్బలన్నమాట. గుసగుసలో ఆ కంపనమే లేదు. గొంతు ముందు ఉబ్బుగా తగిలే థైరాయిడ్ మృదులాస్థి మీద రెండు వేళ్లు ఆనించి "గా" అని సాగదీయండి. తర్వాత అదే గుసగుసగా అనండి. మొదట వేళ్లకు తెలిసిన అదురు రెండోసారి ఉండదు. గుసగుసలో సరళాలు పరుషాల్లా వినిపించేదీ, "గాలి" కాస్తా "కాలి" అయ్యేదీ అందుకే. దెబ్బే లేనప్పుడు గాయం ఎక్కడిది?

గ్లాటిస్:
అదురు ఉండదు, నిజమే. శ్రమ మాత్రం ఉంటుంది. స్వరపేటికలో ఉంగరంలాంటి క్రికాయిడ్ అనే మృదులాస్థి వెనక భాగం మీద రెండు చిన్న ఆరిటినాయిడ్ మృదులాస్థులు కూర్చుని ఉంటాయి. స్వరతంత్రుల వెనక కొసలు అంటుకునేది వాటికే. మాట రావాలంటే పక్క కండరాలు వాటి ముందు కొనలను లోపలికి తిప్పాలి, రెంటి మధ్య అడ్డంగా ఉన్న కండరం వాటిని దగ్గరికి లాగి వెనక సందు మూయాలి. గుసగుసలో సాధారణంగా మొదటి పని జరిగి రెండోది ఆగిపోతుంది. ముందు భాగం బిగుస్తుంది, వెనక త్రికోణపు సందు మిగులుతుంది. కెమెరాలో తలకిందులైన వై అక్షరంలా కనబడుతుంది. ఆ సందులోంచి గాలి రొదగా దూసుకొచ్చేదే గుసగుస. గాలి ఎక్కువ ఖర్చవుతుంది, ఒక ఊపిరికి పట్టే మాటలు తగ్గుతాయి. ఎదుటివాళ్లకు వినిపించాలన్న తాపత్రయంలో పైనున్న మిథ్యా స్వరతంత్రులు (మామూలు మాటలో పనిచేయని మరో జత మడతలు) కూడా నొక్కుకుంటాయి. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో 100 మంది గొంతులను కెమెరాతో చూస్తే, 69 మందిలో గుసగుసప్పుడు ఈ నొక్కుడు పెరిగింది.

నాదబిందు:
అదే అధ్యయనంలో 18 మందిలో తేడా లేదు, 13 మందిలో నొక్కుడు తగ్గింది కూడా. దాన్ని అందరికీ నిషేధంగా చెప్పడం న్యాయం కాదు. పైగా నొక్కుడు కనబడినంత మాత్రాన గాయమైనట్టు కాదు. వాళ్లు చూసింది స్వరపేటిక ఆకారాన్ని, ఎన్నాళ్లకు కోలుకుందన్నది కాదు.

గ్లాటిస్:
ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ తాను ఆ 13 మందిలో ఒకరో, 69 మందిలో ఒకరో కెమెరా పెట్టకుండా ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు మెల్లని మామూలు గొంతే నయం.

మెత్తనిపొర:
ఇద్దరూ గుసగుస దగ్గరే ఆగిపోయారు. వాపు వచ్చేది తంత్రి పైపొర కింద జెల్లీలా ఉండే మెత్తని పొరలో. లోపలి కండరం మీద ఆ పొర అలలా కదిలితేనే గొంతు తేటగా పలుకుతుంది. అందులో నీరు చేరితే బరువెక్కి శ్రుతి దిగుతుంది, అంచులు సరిగా ఆనక గాలి కారుతుంది. బొంగురంటే ఇదే. దీనికి గుసగుస కన్నా పెద్ద చేటు మాటిమాటికీ గొంతు సవరించుకోవడం. తంత్రులు గట్టిగా ఒరుసుకుని ఇంకా వాస్తాయి, వాపు వల్ల ఏదో అడ్డుపడ్డట్టే ఉంటుంది, మళ్లీ సవరిస్తాం. ఆ కోరిక పుట్టినప్పుడు ఒక గుక్క నీళ్లు మింగండి. ఆ నీళ్లు తంత్రుల మీద పడవు (పడితే పొలమారుతుంది), కానీ మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేచి మూసుకుంటుంది కాబట్టి ఆ గరగర చాలాసార్లు సర్దుకుంటుంది.

మాట్లాడక తప్పకపోతే చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నవాళ్లతోనే, తక్కువ మాటలు, బిగపట్టకుండా. 5 మిల్లీమీటర్ల స్ట్రా కొసను నీళ్లలో 2–3 సెంటీమీటర్లు ముంచి, బుడగలు వచ్చేలా "ఊ" అనడం కూడా మంచిదే. నోట్లో నిలిచే ఒత్తిడి తంత్రులను కాస్త ఎడంగా ఉంచి దెబ్బ తగ్గిస్తుంది. బుగ్గలు నొప్పెడితే అతిగా ఊదుతున్నట్టు.

నాదబిందు:
స్ట్రా సలహా బాగుంది. తంత్రిలో రక్తం చిమ్మినప్పుడూ ఇదే పద్ధతా?

మెత్తనిపొర:
వద్దు. పాడుతుండగానో అరుస్తుండగానో గొంతు ఉన్నట్టుండి తెగిపోయినట్టు పోతే స్ట్రా లేదు, గుసగుస లేదు, పూర్తి మౌనం, వెంటనే ఈఎన్‌టీ పరీక్ష. తంత్రి ఆపరేషన్ తర్వాత కూడా మొదట మౌనమే, కాకపోతే ఎక్కువ రోజులు ఉన్నకొద్దీ మేలని అనుకోవద్దు. 2017లో జపాన్ వైద్యులు 3 రోజుల మౌనాన్ని 7 రోజుల మౌనంతో పోల్చితే, 3 రోజులకే మెల్లగా గొంతు వాడటం మొదలుపెట్టినవాళ్లే బాగా కోలుకున్నారు.

గ్లాటిస్:
మామూలు బొంగురుకు గడువు కూడా చెప్పాలి. 4 వారాలు దాటినా తగ్గకపోతే స్వరపేటికను కెమెరాతో చూపించుకోవాల్సిందే. ఊపిరి పీల్చేటప్పుడు కీచుమన్నా, మెడలో గడ్డ తగిలినా, కఫంలో రక్తం కనబడినా, పొగతాగే అలవాటున్నా ఆ 4 వారాలు కూడా ఆగొద్దు.