మూడు కంప్యూటర్ల మధ్య ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రాజెక్టు: తెరిస్తే రంగుల పట్టీలే

ప్రశ్న (అనంతపురం నుంచి)

నమస్కారమండీ. పెళ్లి వీడియోలు, లఘుచిత్రాలు చేసే చిన్న స్టూడియో మాది. మూడు కంప్యూటర్లు ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కు కలిపి ఉన్నాయి. ఫుటేజ్ అంతా మొదటి కంప్యూటర్ డి డ్రైవులో ఉంటుంది. ఆ ఫోల్డరును షేర్ చేశాం. ప్రాజెక్టు ఫైలు మాత్రం ఎవరి డెస్క్‌టాప్ మీద వారికి ఉంటుంది.

ఇప్పుడొక లఘుచిత్రంలో గ్రీన్ మ్యాట్ (ఆకుపచ్చ తెర ముందు తీసిన) షాట్లు చాలా ఉన్నాయి. మొదటి కంప్యూటర్లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (వీడియోకు ఎఫెక్టులు జోడించే సాఫ్ట్‌వేర్) తెరిచి కీయింగ్ చేసి, అంటే ఆ ఆకుపచ్చను తీసేసి, ఆ ప్రాజెక్టును రెండోదానిలో తెరిస్తే ఫుటేజ్ ఉండాల్సిన చోట రంగుల పట్టీలు వస్తున్నాయి. క్లిప్పులన్నీ వెతికి చూపించి సేవ్ చేసి వెనక్కి ఇస్తే, ఈసారి మొదటి కంప్యూటర్లో పట్టీలు! మా కుర్రవాళ్లు విసిగిపోయి అన్నీ పెన్‌డ్రైవులో మోసుకు తిరుగుతున్నారు. సర్వర్ కొనాలని ఒకరు అంటున్నారు. నిజంగా కొనక తప్పదా?

జవాబు (కర్నూలు నుంచి)

మూడు కంప్యూటర్లకు సర్వర్ అక్కర్లేదండీ. ఆ డబ్బుతో మంచి ఎస్‌ఎస్‌డీలు (వేగంగా పనిచేసే డిస్కులు) కొనుక్కోండి.

ప్రాజెక్టు ఫైలులో ఫుటేజ్ ఉండదు, అది ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. మొదటి కంప్యూటర్ దృష్టిలో ఆ చిరునామా డి డ్రైవు. రెండో కంప్యూటర్‌కు అదే ఫోల్డరు నెట్‌వర్క్ దారిలో కనిపిస్తుంది. డి డ్రైవు అనగానే అది తన సొంత డి డ్రైవులో వెతుకుతుంది. అక్కడ మీ క్లిప్పులు ఎందుకుంటాయి?

కాబట్టి మూడింటిలోనూ చిరునామా ఒకటే కావాలి. షేర్ చేసిన ఫోల్డరును ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’ ద్వారా ఒకే అక్షరంతో, ఉదాహరణకు వి డ్రైవుగా, అన్నింటిలోనూ పెట్టండి. అన్నింటిలో అంటే ఫుటేజ్ ఉన్న మొదటి కంప్యూటర్లో కూడా. ఎక్కువమంది వదిలేసేది దీన్నే. తన డిస్కే కదా అని మొదటి కంప్యూటర్లో కూర్చున్నవారు డి నుంచి ఒక్క క్లిప్పు తెచ్చుకున్నా, ఆ క్లిప్పు మిగతా ఇద్దరికీ పట్టీగానే కనిపిస్తుంది. ఎవరైనా సరే వి నుంచే తీసుకోవాలి. ప్రాజెక్టు ఫైళ్లు కూడా డెస్క్‌టాప్ వదిలి అక్కడికే రావాలి.

ఇప్పటికే తెగిపోయిన లంకెల కోసం ప్రతి క్లిప్పునూ చూపించనక్కర్లేదు. ‘రీప్లేస్ ఫుటేజ్’లో ఒక్క ఫైలు చూపిస్తే, అదే ఫోల్డరులో ఉన్న మిగతా వాటిని ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తానే పట్టుకుంటుంది. ఫైళ్ల పేర్లు మధ్యలో మార్చి ఉంటే మాత్రం మీ కష్టం మీదే.

డిస్క్ క్యాషేను (ప్రివ్యూ కోసం సాఫ్ట్‌వేర్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లను) వి లో పెట్టవద్దు. అది ఎవరి కంప్యూటర్లో వారి ఎస్‌ఎస్‌డీ మీదే ఉండాలి.

జవాబు (కడప నుంచి)

పై సలహా సరైనదే. పట్టీలు పోయాక రాబోయే తలనొప్పి గురించి నేను చెబుతాను. ఒకే ప్రాజెక్టును ఇద్దరు తెరిస్తే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అడ్డు చెప్పదు. చివరగా సేవ్ చేసినవారి పని మిగులుతుంది, మొదటివారిది పోతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో అయితే ప్రాజెక్ట్ లాకింగ్ ఉంది. 2020లో వచ్చిన ‘ప్రొడక్షన్స్’ పద్ధతిలో ఒకరు తెరిచిన ప్రాజెక్టు రెండోవారికి చూడటానికే గానీ మార్చడానికి రాదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అలాంటి కాపలా లేదు కాబట్టి ఒక్కో షాటుకు ఒక్కో ప్రాజెక్టు ఫైలు పెట్టండి. ఏ షాటు ఎవరిదో గోడ మీద బోర్డుపై రాసుకోండి. నవ్వకండి, మా దగ్గర బాగా పనిచేసేది ఆ బోర్డే.

మూడు కంప్యూటర్లలోనూ సాఫ్ట్‌వేర్ వెర్షన్, ప్లగిన్లు (దానికి అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రాములు), ఫాంట్లు ఒకేలా ఉండాలి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసింది పాతదానిలో తెరుచుకోదు. తెలుగు టైటిళ్లు వేసేవారు ఫాంట్ల విషయంలో మరీ జాగ్రత్త. ఒక కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది, రెండర్ (తుది వీడియో తయారీ) అయిపోయేదాకా ఎవరూ గమనించరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. వి డ్రైవు పెట్టాం, పట్టీలు పోయాయి. మూడో కంప్యూటర్ మొదట పాస్‌వర్డ్ దగ్గర మొరాయించింది. మొదటి కంప్యూటర్లో పాస్‌వర్డుతో ఒక యూజర్‌ను చేసి ఆ పేరుతో కలిపితే ఒప్పుకుంది.

కానీ రెండో కంప్యూటర్లో ప్లేబ్యాక్ ఘోరంగా ఆగి ఆగి నడుస్తోంది. ఫైలు కాపీ చేసినా సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు. మూడోది బాగానే ఉంది. ర్యామ్ పెంచాలా అన్నా?

జవాబు (కర్నూలు నుంచి)

ర్యామ్ జోలికి పోవద్దు తమ్ముడూ. 11 ఎంబీ అన్నావు చూడు, రోగం అక్కడే తెలిసిపోయింది. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 100 మెగాబిట్ల లైను ఇవ్వగలిగింది ఇంచుమించు అంతే. గిగాబిట్ లైను అయితే సెకనుకు 110 ఎంబీ దాకా రావాలి. మూడోది బాగుందంటే స్విచ్ మంచిదే. రెండోదానికి వెళ్లే కేబుల్ చూడు. గిగాబిట్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు నాలుగు చాలు. మిగతా నాలుగింటిలో ఒక్క జత తెగినా లైను చప్పుడు చేయకుండా 100కు దిగిపోవచ్చు, ఏ హెచ్చరికా రాదు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ 1000 అని ఉందా, 100 అని ఉందా చూసి చెప్పు.

ప్రశ్న అడిగినవారు

100 అనే ఉంది. కొన విప్పి చూస్తే నాలుగు తీగలే బిగించి ఉన్నాయి. సీసీ కెమెరాలు పెట్టిన మనిషితోనే లాగించాం ఆ వైరు. కొత్త క్యాట్ 6 కేబుల్ వేశాక 1000 చూపిస్తోంది, ప్లేబ్యాక్ కూడా సాఫీగా ఉంది. ఇంకొక్క సందేహం. సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) చేసే మిత్రుడు ఈఎక్స్‌ఆర్ ఫ్రేములు (ఒక్కో ఫ్రేమూ ఒక్కో విడి బొమ్మ ఫైలు) పంపాడు. అవి మాత్రం ఏ కంప్యూటర్లోనూ కదలడం లేదు.

జవాబు (కర్నూలు నుంచి)

కదలవు, లెక్క వేసి చూడు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో 1920 × 1080 పిక్సెళ్లు. సగం ఫ్లోట్‌లో ఒక్కో విలువకు 2 బైట్లు, అంటే నాలుగు చానెళ్లకు (మూడు రంగులు, పారదర్శకత) పిక్సెల్‌కు 8 బైట్లు. కుదించకపోతే ఫ్రేముకు 16 ఎంబీ పైమాటే. సెకనుకు 25 ఫ్రేములంటే 400 ఎంబీ దాటుతుంది. నీ తీగ మోసేది 110. జిప్ పద్ధతిలో కుదించి పంపమని మిత్రుడికి చెప్పు, నాణ్యత పోదు, బరువు కొంత తగ్గుతుంది. దానికీ ఒక హద్దు ఉంది కాబట్టి ఆ ఫ్రేములకు ప్రాక్సీ (తేలికైన నకలు) తయారు చేసుకుని దాని మీద పని చేసుకో. ఫైనల్ రెండర్‌కు ముందు ప్రాక్సీ వాడకం తీసేసి ఉందో లేదో తప్పకుండా చూడు.

ఇంకొకటి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కాంపోజిషన్లను (అందులో కూర్చిన షాట్లను) డైనమిక్ లింక్‌తో నేరుగా ప్రీమియర్‌లోకి లాగే అలవాటు ఉంటే నెట్‌వర్క్ మీద మానుకో. ఎడిట్ చేసే కంప్యూటర్ ప్రతిసారీ ఆ లెక్కంతా మళ్లీ చేస్తుంది. షాటు ఓకే అయ్యాక ప్రోరెస్ అనే వీడియో ఫార్మాట్‌లో రెండర్ చేసి ఆ ఫైలును టైమ్‌లైన్‌లో పెట్టు. వెనక పారదర్శకత కావాలంటే ప్రోరెస్ 4444.

జవాబు (కడప నుంచి)

మొదటి కంప్యూటర్ స్లీప్‌లోకి పోకుండా సెట్ చేశారా? అది నిద్రపోతే మిగతా రెండూ ఆగుతాయి. స్విచ్‌ను కూడా యూపీఎస్‌కు కలపండి. ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లు నిలిచినా స్విచ్ ఆరిపోతే సేవ్ మధ్యలో తెగుతుంది. అన్నీ ఒకే డిస్కు మీద ఉన్నాయి కాబట్టి రోజూ రాత్రి వేరే హార్డ్‌డిస్కులోకి కాపీ తీయండి.

మరో సభ్యుడు (ప్రొద్దుటూరు నుంచి)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మేము వాడేది డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. వి డ్రైవులో వెతికితే ప్రాజెక్టు ఫైలే కనిపించడం లేదు.

జవాబు (కర్నూలు నుంచి)

కనిపించదండీ. రిజాల్వ్ ప్రాజెక్టులను విడి ఫైళ్లుగా కాకుండా డేటాబేస్‌లో ఉంచుకుంటుంది. ఒక కంప్యూటర్లో ప్రాజెక్ట్ సర్వర్ పెట్టి మిగతావాటిని దానికి కలిపితే అందరికీ అవే ప్రాజెక్టులు కనిపిస్తాయి. దానికి డబ్బులేమీ కట్టనక్కర్లేదు. ఎక్కడికైనా పంపాలంటే ‘ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్’ ఇచ్చే డీఆర్‌పీ ఫైలులో ఎడిట్ మాత్రమే ఉంటుంది. ఫుటేజ్‌తో సహా వెళ్లాలంటే ‘ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ ఆర్కైవ్’. ఫుటేజ్‌కు మాత్రం మీకూ వి డ్రైవు పద్ధతే.